బలం గోళీలు

మధ్యాహ్నం పన్నెండున్నరకు సఫియా బేగం కుట్టుమిషను సొరుగు లాగింది. దారపు రీళ్లు ఉన్నాయి. హుక్కుల పొట్లం ఉంది. గోళీలు లేవు.

సొరుగు మొత్తం బయటికి లాగి మంచం మీద బోర్లించింది. పదిహేను రోజుల గోళీలు, రెండు షీట్లు, నిన్న మధ్యాహ్నం తన చేత్తో తానే పెట్టింది. అన్నం తిన్నాక రోజూ ఒకటి వేసుకోవాలి. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్నే జెర్సీల కోసం ఈ గదిలోకి వచ్చింది ఒక్కడే. ఇంతియాజ్.

ఫోను తీసింది. రెండు గంటల క్రితం వాడు పంపిన వాయిస్ మెసేజ్ వినకుండా పడి ఉంది.

"మామీ, సలాం. జెర్సీలు మస్తు కుట్టినవ్. ఇంకో మాట, నీ బలం గోళీలు తీస్కచ్చిన. అడిగితే ఇయ్యవని అడగలే. లోపట సగ్గుబియ్యం లెక్క సన్నగ ఉన్నయ్ గద, అన్ని ఇప్పి గ్లూకోజ్ నీళ్లల్ల కలిపిన. హాఫ్‌టైములో పిల్లలకు తాపుత. నువ్వు అవి మింగవట్టినంక ఎట్లయినవో చూసిన గద. కప్పు కొట్టినంక కొత్తయి కొనిస్త. కోపం చేయకు."

సఫియా మంచం అంచున కూర్చుండిపోయింది.

ఇంతియాజ్ ఆమె భర్త ఇబ్రహీం అక్క కొడుకు. దేవరుప్పులలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీ. వాడు తయారుచేసిన ఊరి ఆడపిల్లల కబడ్డీ జట్టు మూడు జిల్లాల పోటీలో ఫైనల్‌కు వచ్చింది. ఫైనల్ ఈ రోజే, నాలుగు గంటలకు, భూపాలపల్లిలో. పన్నెండు మంది పిల్లలు. పెద్దదానికి పందొమ్మిదేళ్లు.

అవి బలం గోళీలు కావు.

రెండేళ్ల కింద సఫియాకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు ఆ మాట దాచాల్సిన అవసరం రాలేదు. దాచినా దాగేది కాదు. ఆపరేషన్ అయింది, కీమోకు జుట్టు రాలింది, రేడియేషన్ కరెంటు పెట్టారు. జనగామలో సగం బజారు చూసిపోయింది. బత్తాయిలు, దువాలు, తాయెత్తులు, అన్నీ వచ్చాయి. చికిత్స అయిపోయాక చుట్టాల రాక ఆగింది. ఐదేళ్లు రోజూ మింగాలని క్యాన్సర్ డాక్టరమ్మ ఒక గోళీ రాసింది. దానితో ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేదు. ఆ తర్వాత ఏదీ లేదు. ఆకలి లేదు, ఏడుపు కూడా లేదు. మిషను ముందు కూర్చుంటే కాలు పెడల్ మీద ఉండేది కానీ కదిలేది కాదు. ఒక్క జాకెట్టుకు పదకొండు రోజులు పట్టింది.

చెకప్‌కు పోయినప్పుడు డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, "మీరు చివరిసారి ఎప్పుడు నవ్విన్రు?" అని అడిగింది. అదే ఆసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన ఈ గోళీ ఇచ్చాడు. మొదటి వారం తల తిరిగింది, కడుపులో దేవింది, సూదిలో దారం ఎక్కించలేనంతగా చెయ్యి వణికింది. రెండో నెలకు మిషను నడిచింది. మూడో నెలకు ఒక పెళ్లిలో మూడు గంటలు డోలక్ వాయించింది.

అందరూ అడిగారు, ఏం తింటున్నవు అని. "బలం గోళీలు" అంది. ఆ ఒక్క తప్పు చేసింది. ఎందుకంటే ఆ ఖాందాన్‌లో ఒకరికి గుణమిచ్చిన గోళీ ఇంకో ముగ్గురి కడుపులోకి పోకుండా ఎన్నడూ ఆగలేదు.

నిజం చెప్పకపోవడానికి కారణం ఆడబిడ్డ జులేఖా ఆపా. ఇంతియాజ్ తల్లి. పక్క వీధిలో ఒకామె మనసు బాగాలేక మందులు వాడితే, "పిచ్చి గోళీలు మింగే మనిషి" అని ఆపా ఒక్కసారి అంది. నెల తిరిగేసరికి ఆమె దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే పిల్లలు సగమయ్యారు. సఫియా చేతిలో ఉండేది కత్తెర. ఆ మాట తన మీద పడితే పెళ్లి పట్టు జాకెట్టు ముక్క ఎవరు తెచ్చిస్తారు?

ఇంతియాజ్‌కు నాలుగు సార్లు చేసింది. ఎత్తలేదు. ఐదోసారి గుండె రాయి చేసుకుని ఆపాకు చేసింది. కొడుకు ఆట చూడ్డానికి ఆపా పొద్దున్నే భూపాలపల్లి పోయింది.

"ఆపా, ఇంతియాజ్ నా గోళీలు తీస్కపోయిండు. పిల్లలకు తాపొద్దని చెప్పు."

"ఎందుకే, గంత పిసినారివైనవు? చిన్న పిల్లలు."

"అది గాదు. వాటి డేట్ అయిపోయింది."

"డేట్ అయితే ఏమైతది? మొన్న నేను డేట్ అయిన దగ్గు మందు తాగిన. ఇంకా జల్ది తగ్గింది. ఈడ డప్పులు కొడుతున్రు, ఏం వినొస్తలేదు. పెట్టేస్తున్న."

పెట్టేసింది. మళ్లీ చేస్తే రింగవుతోంది కానీ ఎత్తడం లేదు.

అప్పుడే బయట ఇబ్రహీం ట్రాలీ బండి ఆగింది. పత్తి మార్కెట్‌లో కిరాయి ముగించుకుని అన్నానికి వచ్చాడు. అన్నం గిన్నె మూత తియ్యకముందే సఫియా బుర్ఖా వేసుకుని ఎదురొచ్చింది.

"బండి తిప్పు. భూపాలపల్లి పోవాలె."

"ఆట చూస్తవా? నిన్న రానంటివి."

"నా గోళీలు ఇంతియాజ్ తీస్కపోయిండు."

ఇబ్రహీం ఆమెను కింది నుంచి పైకి చూశాడు. "బలం గోళీల కోసం నూట పది కిలోమీటర్లు? సందు చివర మెడికల్ షాపుల పది షీట్లు కొనిస్త."

"నువ్వు తిప్పుతవా, నేను బస్సెక్కాల్నా?"

ఇరవై ఒక్కేళ్ల కాపురంలో ఆ గొంతు ఎప్పుడు వస్తుందో ఇబ్రహీంకు తెలుసు. బండి తిప్పాడు.

హన్మకొండ దాటేసరికి రెండున్నర. పరకాల దగ్గర రోడ్డు మీద సగానికి వడ్లు ఆరబోశారు. ఇబ్రహీం రెండో గేరులో పోనిచ్చాడు. సఫియా కాళ్లతో లేని బ్రేకులు, లేని ఆక్సిలరేటరు తొక్కుతూనే ఉంది. కబడ్డీలో పిల్ల కూతకు పోయినప్పుడు తల తిరిగితే ఏమవుతుంది? ఏడుగురు మీద పడతారు. మెడ ఎటు తిరుగుతుందో ఎవరు చూశారు? మనసు డాక్టరు చీటీ ఇస్తూ అన్న మాట చెవిలో మోగుతోంది. ఇది వేరేవాళ్లకు ఒక్కటి కూడా ఇవ్వొద్దమ్మా, వయసు పిల్లలకైతే అస్సలే ఇవ్వొద్దు.

"చెమటలు పడుతున్నయ్ నీకు," అన్నాడు ఇబ్రహీం.

"ఆవిర్లు. నువ్వు రోడ్డు చూడు."

బొగ్గు లారీల వెనక పడి, వాటిని ఒక్కొక్కటే దాటుకుని మైదానం చేరేసరికి నాలుగూ పన్నెండు. లోపల డప్పులు. గేటు దగ్గర ఒక వాలంటీరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాస్ చూపియ్యి అమ్మ."

"ఆ పిల్లల వీపు మీద నంబర్లు ఎవరు కుట్టిండ్రనుకున్నవ్? నా పాస్ అదే."

వాలంటీరు ఆలోచించేలోపు ఆమె అతని చెయ్యి కింద నుంచి దూరింది.

దేవరుప్పుల పదకొండు, నెల్లికుదురు పదమూడు. బోర్డు చూసిన క్షణమే విజిల్ పడింది. హాఫ్‌టైమ్. ఐదు నిమిషాలు. పసుపు జెర్సీల పిల్లలు రొప్పుతూ తమ బెంచీ వైపు నడిచారు. బెంచీ పక్కన ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, దాని చుట్టూ స్టీలు గ్లాసులు.

సఫియా పరిగెత్తింది. ఆపరేషనయిన వైపు చెయ్యి పైకి లేవదు, ఒక్క చెయ్యే ఊపుతూ పరిగెత్తింది. కెప్టెన్ వర్ష మొదటి గ్లాసు పెదవుల దాకా తెచ్చింది. సఫియా దాన్ని చేత్తో కొట్టింది. గ్లాసు మట్టిలో పడి దొర్లింది.

"ఎవ్వరు తాగొద్దు."

"ఏమైంది ఆంటీ?"

పన్నెండు మొహాలు ఆమెనే చూస్తున్నాయి. వాటి వెనక స్టాండ్‌లో ముందు వరుసలో జులేఖా ఆపా లేచి నిలబడి, కళ్లద్దాలు సరిచేసుకుని మరీ చూస్తోంది. సఫియా నోటికి వచ్చింది చెప్పింది.

"బల్లి పడ్డది."

పిల్లలు గ్లాసులు వదిలి వెనక్కి దూకారు. అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మైకు యోసేపు చేతిలో ఉంది. భూపాలపల్లి చుట్టుపక్కల ఏ ఆట జరిగినా వ్యాఖ్యానం యోసేపుదే, ఖాళీ నిమిషం ఉంటే ఆయనకు ఊపిరాడదు.

"ప్రేక్షక మహాశయులారా, దేవరుప్పుల జట్టు నీళ్లల్ల బల్లి వచ్చిందట. అది తనంతట తానే వచ్చిందా, ఎవరన్న తెచ్చిండ్రా అన్నది తేలాల్సి ఉంది."

స్టాండంతా లేచింది. దేవరుప్పుల నుంచి వచ్చిన తల్లిదండ్రులు నెల్లికుదురు బెంచీ వైపు వేళ్లు చూపించారు. నెల్లికుదురు కోచ్ భద్రయ్య, అరవై దాటిన మనిషి, తెల్ల టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది ఆడిపిస్తున్న. బల్లిని పట్టెటోని లెక్క కనబడుతున్ననా నేను?"

"పక్క బెంచీ మీదే గద," అన్నారెవరో. "మీరు గాక ఎవలేస్తరు?"

రిఫరీ రేణుక మేడం క్యానును వంపించింది, మూతికి చున్నీ అడ్డం కట్టి. నీళ్లన్నీ పోయాయి. బల్లి లేదు. చున్నీలో తెల్లటి గింజలు మిగిలాయి, గుప్పెడు.

"మందు," అంది రేణుక మేడం. "ఎవరో మందు కలిపిండ్రు."

యోసేపు ఆ మాటను మూడు జిల్లాలకు వినిపించాడు.

ఇంతియాజ్ కోసం సఫియా కళ్లు వెతికాయి. బెంచీ మీద లేడు. టెంటు కింద ప్రథమ చికిత్స బల్ల మీద, మొహాన తడి తువ్వాలుతో పడుకుని ఉన్నాడు. నర్సు చంద్రి వాడి చేతికి బీపీ పట్టీ చుట్టి, తల అడ్డంగా ఊపుతోంది. ఆమె మహబూబాబాద్ దగ్గర తండా మనిషి, పోటీలకు డ్యూటీ మీద వచ్చింది.

"ఆట మొదలైనప్పటి సంది గిట్లనే ఉన్నడు," అంది చంద్రి. "ఎండ దెబ్బ అనుకున్న. నీళ్లు తియ్యగున్నయా లేదా అని రెండు గ్లాసులు తాగి చూసిండట. దాంట్లె ఏం కలిసిందో తెలిస్తే గద నేను ఏమన్న చేసేది."

మైదానం మధ్యలో రేణుక మేడం నిర్ణయం చెబుతోంది. పోలీసులకు ఫోన్ చేస్తున్నాం. విచారణ తేలేదాకా నెల్లికుదురు జట్టును పక్కన పెడుతున్నాం. కప్పు దేవరుప్పులకు. నీలం జెర్సీల పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. భద్రయ్య టోపీని మడత మీద మడత పెడుతున్నాడు.

సఫియాకు లెక్క అర్థమైంది. నోరు మూసుకుంటే చాలు. మేనల్లుడికి కప్పు వస్తుంది, తన గుట్టు తన దగ్గరే ఉంటుంది. గింజలు ఎవరివో ఎవరికీ తెలియదు. ఆ ముసలాయన మీద మాత్రం బతికినన్నాళ్లు ఆ మాట ఉంటుంది. టెంటు కింద వాడికి ఏం మందు పడిందో నర్సుకు తెలియదు.

ఆమె నేరుగా యోసేపు దగ్గరికి నడిచింది. "మైకియ్యి అన్న."

"ఏం మాట్లాడుతవ్ అక్క?"

"నువ్వు మైకుల చెప్పినవ్ గద. నేను గూడ మైకులనే చెప్త."

యోసేపు వ్యాఖ్యాత. చప్పగా ఉన్న చోట మైకు ఇచ్చేవాడు కాదు, ఇక్కడ విషయం ఉందని పసిగట్టాడు. ఇచ్చేశాడు.

"నా పేరు సఫియా. జనగామల బట్టలు కుడుత," అంది. మైకులో తన గొంతు వినడం అదే మొదటిసారి, ఎవరో వేరే ఆడమనిషి మాట్లాడినట్టుంది. "బల్లి లేదు. నేను అబద్ధం చెప్పిన. నెల్లికుదురోళ్లు ఏం కలపలే. ఆ గోళీలు నాయి. మా ఇంతియాజ్ బలం గోళీలనుకుని కలిపిండు, ఎందుకంటే నేనే అట్ల చెప్పిన. అవి బలం గోళీలు గావు."

ఆగింది. డప్పులు ఎప్పుడో ఆగిపోయాయి.

"మనసు గోళీలు. నాకు రొమ్ము క్యాన్సర్ అయింది. అది తగ్గినంక మనసు బాగలేకుండైంది. రోజంతా గోడ దిక్కు చూసుకుంట కూసుండేదాన్ని. డాక్టర్ ఇచ్చిండు, మింగుతున్న, మంచిగైన. సిగ్గుకు దాచిన. పిల్లలు తాగితే పానం మీదికి వస్తదని ఉరికొచ్చిన. భద్రయ్య సార్, మాఫ్ చెయ్యండ్రి."

మైకు యోసేపు చేతిలో పెట్టింది. జీవితంలో మొదటిసారి యోసేపు మైకును తానే కట్టేశాడు.

రేణుక మేడం రుజువు అడిగింది. సఫియా ఫోనులో చీటీ ఫోటో చూపించింది. చంద్రి టెంటులోంచి వచ్చి దాన్ని పెద్దది చేసి చదివింది.

"వెన్లాఫాక్సిన్. అక్క, మీరు క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ గూడ మింగుతున్రా?"

"ఐదేండ్లు మింగాలన్నరు."

"మంచి డాక్టర్ దగ్గర పడ్డరు. అన్ని మనసు మందులు దాంతోటి కుదరయ్. కొన్నిటితోటి టామోక్సిఫెన్ పని తగ్గుతది. చూసి రాసిన్రు. ఒంట్ల ఆవిర్లకు గూడ ఇదే ఇస్తరు." చంద్రి టెంటు వైపు తిరిగింది. "మీవోడికి ఇప్పుడు ఏం చూడాల్నో తెలిసింది. దవాఖానకు ఫోన్ చేసి అడుగుత. ఇంకో రెండు గ్లాసులు తాగి ఉంటే నాకు గూడ పరేషాన్ అయ్యేది."

అప్పుడు స్టాండ్ పైవరుసలోంచి ఒక గొంతు తేలికగా వచ్చింది. "పిచ్చి గోళీలు నీళ్లల్ల కలిపిండ్రురా బై."

కొందరు నవ్వారు. సఫియా తల వంచుకుంది. ఇక వచ్చేది ఏమిటో ఆమెకు తెలుసు. ముందు వరుసలోంచి జులేఖా ఆపా మెట్లెక్కి పైకి పోతోంది, మోకాళ్ల నొప్పులతో ఒక్కో మెట్టు మీద ఆగుతూ. ఆ గొంతు యజమాని, మీసాలు ఇంకా సరిగా రాని మనిషి, ఆమె వస్తున్నది తన కోసమేనని ఆలస్యంగా గ్రహించాడు.

"ఏమన్నవ్?"

"ఏం లేదు పెద్దమ్మ."

"అది మా తమ్ముని పెండ్లాం. దాన్ని పిచ్చిది అనాలంటే నేనంట. ఇరవై ఏండ్ల సంది అంటున్న. నువ్వెవడివి?"

స్టాండంతా నవ్వింది. ఈసారి సఫియా కూడా నవ్వింది, ఆపలేక, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని.

భద్రయ్య టోపీ దులిపి పెట్టుకున్నాడు. తన జట్టు క్యాను తానే మోసుకొచ్చి పసుపు జెర్సీల ముందు దించాడు. గ్లాసు నింపి, అందరూ చూస్తుండగా గటగటా తాగి బోర్లించి చూపించాడు.

"మా నీళ్లు తాగుండ్రి బిడ్డ. దీంట్ల ఒట్టి నిమ్మకాయ."

రేణుక మేడం తన నిర్ణయం వెనక్కి తీసుకుంది, ఆట మళ్లీ మొదలైంది. ఇంతియాజ్ బల్ల మీద గురక పెడుతున్నాడు కాబట్టి దేవరుప్పుల బెంచీ మీద పెద్దమనిషిగా సఫియానే కూర్చోమన్నారు. ఆమెకు ఆట గురించి తెలిసింది నంబర్లు ఒక్కటే. "ఆరు నంబర్, భుజం కుట్టు పోయింది, జాగ్రత్త," అని ఒకసారి అరిచింది. నెల్లికుదురు మూడు పాయింట్ల తేడాతో గెలిచింది. వర్ష చెమట తుడుచుకుంటూ వచ్చి ఆమె పక్కన కూలబడింది.

"ఆంటీ, ఆ నీళ్లు తాగినా ఓడుదుమా?"

"తాగితే ఈ పాటికి మీ పన్నెండు మంది గూడ ఆ బల్ల మీద ఉందురు. పండుకోనీకె జాగ సరిపోకపోతుండె."

ఆరు గంటలకు చంద్రి ఇంతియాజ్‌ను కూర్చోబెట్టింది. పెరిగిన బీపీ దిగింది, వాడు అన్నం అడిగాడు. తల్లిని చూసి మళ్లీ పడుకోబోయాడు. ఆపా వాడి చెవి పట్టుకుని బస్సెక్కించి, తాను మాత్రం ట్రాలీ బండి క్యాబిన్‌లోకి ఎక్కింది. ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు.

ఇబ్రహీమే మొదలుపెట్టాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"నాకన్న చెప్పకపోతివి."

"నీకు చెప్తే ఆపాకు చెప్తవు."

ఇబ్రహీం ఆలోచించాడు. "అది నిజమే," అన్నాడు.

"నాకు డేట్ అయిపోయిందని చెప్పింది," అంది ఆపా, మధ్యలో కూర్చున్న సఫియాను మోచేత్తో పొడిచి. "ఆ గోడ దిక్కు చూసుడు ఎన్ని దినాలు?"

"నాలుగు నెలలు."

ఆపా కిటికీ వైపు తిరిగింది. పరకాల దగ్గర పడింది. "నేను వారానికి రెండుసార్లు వస్తుంటి మీ ఇంటికి. బిర్యానీల ఉప్పు తక్కువైందని చెప్పి పోతుంటి." సఫియా వైపు తిరిగి అడిగింది. "ఇయ్యాళ్టి గోళీ మింగినవా?"

"ఏడున్నయ్? అన్ని మట్టిల పోసిరి."

"బండి ఆపు," అంది ఆపా.

బస్టాండ్ ఎదురుగా మెడికల్ షాపు. సాయంత్రం పూట, ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. ఆపా వాళ్లందరినీ దాటుకుని కౌంటరు మీద రెండు చేతులూ ఆనించింది.

"మా మరదలుకు మనసు గోళీలు కావాలె. జల్ది ఇయ్యి, మధ్యాహ్నం మింగాల్సింది."

ఎనిమిది మందీ తిరిగి సఫియాను చూశారు. ఆమె ఫోను ముందుకు చాచి చీటీ చూపించింది. షాపాయన లోపలికి పోయి ఒక షీటు పట్టుకొచ్చాడు.

"గిది లేదమ్మ. ఇది గూడ డిప్రెషన్‌దే, అందరికి నడుస్తది."

"నాకు నడవకపోవచ్చు అన్న. నేను క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ మింగుత. డాక్టర్ రాసిన పేరే కావాలె."

అంత గట్టిగా చెప్పిందని ఆమెకు మాట బయటికి వచ్చాకే తెలిసింది. షాపాయన షీటు వెనక్కి పెట్టి, చీటీని మళ్లీ చదివి, వీధి చివర షాపులో ఉంటుందని చెయ్యి చూపించాడు. వరుసలో ఉన్న ఒకామె, చంకలో పిల్లతో, పక్కకు జరిగి దారిచ్చింది.

"ఆ సందుల నుంచి పోతే దగ్గర అక్క," అంది. "ఏడున్నరకు మూస్తడు."

ఆపా అప్పటికే బయల్దేరింది, మోకాళ్లు పట్టుకుని, ఇంకో షాపులో ఇదే మాట ఇంతే గట్టిగా అడగడానికి. సఫియా బుర్ఖా అంచు ఎత్తి పట్టుకుని ఆమె వెంట పరిగెత్తింది.